లివర్‌పూల్ పెద్దావిడ

ఈ వారం మీకో పెద్దావిడని పరిచయం చేస్తాను. ఉండేది ఇంగ్లండులో, లివర్‌పూల్ ఊళ్ళో. వయసు నూటముప్ఫై దాటింది. ఒంటినిండా నీలం రంగే. ఓ భుజం మీద ఏకంగా చర్చినే మోస్తూ ఉంటుంది. మన దేశాన్ని ఏలిన ఐదో జార్జి చక్రవర్తి, మేరీ మహారాణితో కలిసి 1913 జూలైలో స్వయంగా ఆవిడ గుమ్మం తొక్కాడు. పేరు గూడిసన్ పార్క్. మనిషనుకుంటున్నారా? కాదండీ, ఫుట్‌బాల్ గ్రౌండు! ఎవర్టన్ అనే క్లబ్బు వాళ్ళది. అక్కడి జనం ముద్దుగా 'గ్రాండ్ ఓల్డ్ లేడీ' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే పెద్దావిడే కదూ!

"అయ్యో, ఆటల సంగతా!" అని పేజీ తిప్పేయకండి. ఆటల పేజీ మగవాళ్ళకీ, వంటల పేజీ మనకీ అని ఎప్పుడో పంచేసుకున్నాం గానీ, ఈ పెద్దావిడ కథలో టాఫీలున్నాయి, అద్దె తగాదా ఉంది, ఇల్లు మారడం ఉంది. అన్నిటికీ మించి ఆడవాళ్ళకి జరిగిన ఓ పెద్ద అన్యాయం ఉంది. అది నూరేళ్ళకి ఎలా సర్దుకుందో కూడా ఉంది. అందుకే కలం పట్టాను. బంతి వలలో పడితే గోల్ అంటారన్నంత వరకే నాకు తెలిసిన ఫుట్‌బాల్. కాబట్టి ఆట లెక్కలు చెప్పి మిమ్మల్ని విసిగించను లెండి.

ఇరుకు వీధుల మధ్య

మా చెల్లెలూ మరిదీ లివర్‌పూల్లో ఉంటారు. 2025 దసరా వెళ్ళాక రెండు నెలలు వాళ్ళ దగ్గర ఉండి వచ్చాను. వాళ్ళమ్మాయికి పదకొండేళ్ళు. బళ్ళో ఫుట్‌బాల్ ఆడుతుంది. ఆ పిల్లే నన్ను, "పెద్దమ్మా, నీకు మా గ్రౌండు చూపిస్తా రా" అంటూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

గ్రౌండంటే ఊరి చివర ఖాళీ స్థలంలో, నాలుగు వైపులా రోడ్లతో ఉంటుందనుకుంటాం కదా. ఇది అలా కాదు. వాల్టన్ అనే పేటలో ఒకదానికొకటి అతుక్కుని వరసగా ఎర్ర ఇటుకల ఇళ్ళు. గుమ్మం దిగితే రోడ్డే. మన అగ్రహారాల్లో ఇళ్ళలాగా గోడకి గోడ కలిసే ఉంటుంది. ఆ వీధిలో నడుస్తూ తలెత్తితే, ఇళ్ళ కప్పుల పైనుంచి ఓడ వచ్చి నిలబడ్డట్టు పెద్ద నీలం గోడ! అదే గూడిసన్. కిటికీ తెరిస్తే కొందరికి గ్రౌండు గోడే కనిపిస్తుంది. ఎన్నో తరాల పాటు ఆట ఉన్న రోజున ఆ వీధుల్లో ఉండే ఇల్లాళ్ళకి గడియారం చూడాల్సిన పనే లేకపోయింది. అరుపుని బట్టే గోల్ పడిందో, తప్పిందో తెలిసిపోయేది.

ఆ చుట్టుపక్కల వాళ్ళు చాలామంది ఓడరేవులో, కార్ఖానాల్లో పనిచేసిన కుటుంబాల వాళ్ళు. వాళ్ళ వంట పేరు స్కౌస్. మాంసం, బంగాళాదుంపలు, క్యారెట్లు, ఉల్లిపాయలు వేసి సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించే పులుసు అన్నమాట. మాంసం కొనే స్తోమత లేని రోజుల్లో ఒట్టి కూరలతోనే చేసుకుని దానికి 'గుడ్డి స్కౌస్' అని పేరు పెట్టుకున్నారు. ఆ వంట వల్లే లివర్‌పూల్ వాళ్ళకి 'స్కౌసర్లు' అనే పేరొచ్చింది. పప్పులేని రోజున ఉత్తి చారుతో సరిపెట్టిన మనకి ఆ గుడ్డి స్కౌస్ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అద్దె దగ్గర వచ్చిన తగాదా

ఈ క్లబ్బు పుట్టింది ఒక ప్రార్థన మందిరంలో. 1878లో సెయింట్ డొమింగో అనే మెథడిస్టు చర్చి కుర్రాళ్ళు జట్టు కట్టారు. మర్నాటి ఏడు, అంటే 1879లో, పేట పేరు మీద ఎవర్టన్ అని మార్చుకున్నారు. 1884 నుంచి యాన్‌ఫీల్డ్ అనే చోట ఆడేవారు. అక్కడ వాళ్ళకి పెద్దదిక్కు జాన్ హౌల్డింగ్ అనే ఆయన. బీరు తయారుచేసే వ్యాపారి. జట్టు బాగా పేరు తెచ్చుకుంది. 1891లో లీగ్ కూడా గెలిచింది. ఈలోగా అద్దె కూడా పెరుగుతూ వచ్చింది! ఏడాదికి వంద పౌండ్లున్నది రెండొందల యాభై అయ్యింది. పైగా గ్రౌండులో ఆయన సరుకే అమ్మాలన్నాడు. చర్చి నుంచి వచ్చిన వాళ్ళకి బీరు వ్యాపారితో మొదట్నించీ అంతంత మాత్రమే. మాటా మాటా పెరిగింది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి ఆ బాధ తెలుసు. మనం సున్నాలు వేయించి, మొక్కలు పెంచి, ఇంటిని ఇల్లులా చేశాక "అద్దె పెంచుతున్నాం" అంటారు చూడండి, అచ్చం అదే. ఎవర్టన్ వాళ్ళు పౌరుషంగా సామాను సర్దేశారు. చర్చిలో ఆర్గన్ వాయించే జార్జి మాహన్ ముందు నిలబడ్డాడు. డాక్టర్ బాక్స్‌టర్ అనే ఆయన వెయ్యి పౌండ్లు వడ్డీ లేకుండా అప్పిచ్చాడు. స్టాన్లీ పార్క్ అనే తోటకి అవతలి వైపు ఎగుడుదిగుడు నేల తీసుకుని, చదును చేయించి, స్టాండ్లు కట్టించారు. 1892 ఆగస్టు 24న గూడిసన్ పార్క్ గృహప్రవేశం అయింది. ఇంగ్లండులో కేవలం ఫుట్‌బాల్ కోసం కట్టిన మొదటి పెద్ద గ్రౌండుల్లో ఇదొకటి.

మరి హౌల్డింగ్ ఏం చేశాడు? ఖాళీ అయిన గ్రౌండు పెట్టుకుని ఊరుకోలేదు. అదే ఏడు కొత్త జట్టు పెట్టాడు. అదే ప్రపంచమంతా ఎరిగిన లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు! అద్దె దగ్గర వచ్చిన తగాదా ఒక ఊరికి రెండు జట్లనిచ్చింది. రెండు గ్రౌండులకీ మధ్య ఒక పార్కే అడ్డం, తాపీగా నడిచినా పావుగంట, ఇరవై నిమిషాలు. ఒకే ఇంట్లో అన్నది ఎరుపు, తమ్ముడిది నీలం. అత్తది ఎరుపు, కోడలిది నీలం. ఆట రోజున వంటింట్లో మాటలుండవట!

టాఫీ కథ

ఎవర్టన్ జట్టుకి 'టాఫీలు' అని ముద్దుపేరుంది. పాతకాలంలో ఎవర్టన్ పేట టాఫీలకి ప్రసిద్ధి. 1861లో వచ్చిన మిసెస్ బీటన్ వంటల పుస్తకంలో ఎవర్టన్ టాఫీ చేసే విధానం కూడా ఉందంటే చూడండి. పంచదార, నీళ్ళు, వెన్న, కాస్త నిమ్మ ఎసెన్సు. ముదురు పాకం పట్టి పళ్ళెంలో పోసి ఆరబెట్టడమే. మనం పల్లీల అచ్చుకి పాకం పట్టి, నీళ్ళలో వేసి, ఉండ టంగుమందో లేదో చూస్తామే, ఆ పాకం అన్నమాట.

అక్కడ చెప్పుకునే కథ ఒకటుంది. ఆ పేటలో బుషెల్ బామ్మగారి టాఫీ కొట్టు పేరున్నది. జట్టు గూడిసన్‌కి మారేసరికి ఆట చూడ్డానికొచ్చే జనం ఆవిడ కొట్టు వైపు రావడం మానేశారు. కొత్త గ్రౌండు దగ్గరున్న నోబ్లెట్ అమ్మగారి కొట్టుకి గిరాకీ పెరిగింది. ఈవిడ ఇంకా తెలివిగా నలుపూ తెలుపూ చారల 'ఎవర్టన్ మింట్' బిళ్ళలు చేసి అమ్మింది. బుషెల్ బామ్మగారు తక్కువ తిన్నదా? మనవరాలికి పండగ బట్టలు కట్టి, టోపీ పెట్టి, బుట్టనిండా టాఫీలిచ్చి సరాసరి గ్రౌండులోకి పంపింది. ఆ పిల్ల ఆట మొదలయ్యే ముందు జనంలోకి టాఫీలు విసిరింది. ఇంకేం, బేరం మళ్ళీ పుంజుకుంది!

కథలో ఎంత నిజమో, ఎంత పాకమో గానీ, 'టాఫీ లేడీ' మాత్రం నిజమే. పాతకాలం గౌను, టోపీ, చేతిలో బుట్టతో ఒక అమ్మాయి ఆటకి ముందు గ్రౌండు చుట్టూ తిరిగి బిళ్ళలు విసరడం దశాబ్దాలుగా వస్తున్న ఆనవాయితీ. ఇద్దరు ఆడవాళ్ళ వ్యాపారం పోటీ ఒక జట్టుకి పేరయి కూర్చుంది చూశారా!

భుజం మీద చర్చి

గూడిసన్‌లో నన్ను బాగా ఆకట్టుకున్నది ఆ చర్చి. పేరు సెయింట్ లూక్స్. గ్రౌండు ఒక మూలలో రెండు స్టాండ్ల మధ్య సరిగ్గా ఇరుక్కుని ఉంటుంది. లోపల కూర్చుంటే స్టాండ్ల సందులోంచి చర్చి కనిపిస్తుంది. గ్రౌండు ఎన్నిసార్లు పెంచినా ఆ మూల జోలికి మాత్రం పోలేకపోయారు. దేవుడి స్థలం మరి! ఒకప్పుడు టికెట్టు కొనని వాళ్ళు చర్చి కప్పెక్కి ఆట చూసేవాళ్ళట. మగవాళ్ళ జట్టు ఇక్కడ ఆడినన్నాళ్ళూ, ఆట రోజుల్లో చర్చి హాలు తెరిచి వచ్చిన వాళ్ళకి టీ, తినుబండారాలు అమ్మేవారు. గుడి పక్కన కొబ్బరికాయల కొట్టులాగా, ఆట పక్కన చర్చి వారి టీ కొట్టు.

ఇంకా కొన్ని ముచ్చట్లున్నాయి. 1938 నాటికి నాలుగు వైపులా రెండంతస్తుల స్టాండ్లున్న గ్రౌండు ఇంగ్లండులో ఇదొక్కటే. ఆర్చిబాల్డ్ లీచ్ అనే ఆయన కట్టిన స్టాండు పిట్టగోడకి ముగ్గులో గళ్ళలాగా అడ్డదిడ్డంగా ఉక్కు పట్టీలుంటాయి. ఇప్పటికీ చూడొచ్చు. 1958లో మంచు కరగడానికి గడ్డి కింద కరెంటు తీగలు వేశారు. ఇంగ్లండులో అదే మొదలు. తీగలు బ్రహ్మాండంగా పనిచేశాయి. తీరా చూస్తే కరిగిన నీళ్ళు పోయే దారి చాల్లేదు! 1960లో మళ్ళీ తవ్వి డ్రైనేజి వేయాల్సొచ్చింది. గచ్చు చేయించాక బాత్రూం వాలు సరిచూసుకున్న వాళ్ళకి ఈ బాధ అర్థమవుతుంది.

గడ్డి కింద మనుషులు

గ్రౌండు బయట ఒక కంచు విగ్రహం పెట్టారు. డిక్సీ డీన్ అనే ఆటగాడిది. 1927-28లో ఒక్క ఏడాది లీగులో 60 గోల్స్ కొట్టాడు. ఇన్నేళ్ళలో ఆ రికార్డు ఇంగ్లండు పెద్ద లీగులో ఎవరూ దాటలేదు. ముసలితనంలో, 1980 మార్చి 1న, ఎవర్టన్ - లివర్‌పూల్ ఆట చూస్తూ ఇదే గ్రౌండులో గుండె ఆగి పోయాడు. పెరిగిన ఇంట్లోనే కన్నుమూసినట్టు.

1966 ప్రపంచ కప్పు ఆటలు ఇక్కడ ఐదు జరిగాయి. పీలే ఆడాడు. ఉత్తర కొరియా వాళ్ళు మూడు గోల్స్ కొట్టి ముందుకెళ్ళిపోతే, పోర్చుగల్ ఆటగాడు యుసేబియో ఒక్కడే నాలుగు కొట్టి జట్టుని గెలిపించింది ఈ గడ్డి మీదే. 1948 సెప్టెంబరు 18న ఎవర్టన్, లివర్‌పూల్ ఆటకి 78,299 మంది కిక్కిరిసి నిలబడ్డారు. పెద్దావిడ చూసిన జనంలో అదే ఎక్కువ.

నన్ను కదిలించింది మాత్రం ఇంకోటి. ఎనిమిది వందల మందికి పైగా అభిమానుల చితాభస్మం ఈ గ్రౌండు అంచుల్లో పాతిపెట్టారట. "నేను పోయాక నన్ను గూడిసన్‌లో కలపండి" అని చెప్పి పోయినవాళ్ళు వాళ్ళంతా. మనం గోదారిలో, కృష్ణలో కలిపినట్టే. ఇక స్థలం చాలక 2004లో ఆపేయాల్సొచ్చింది. అంటే ఎంతోమంది ఆడవాళ్ళకి ఇది ఆటస్థలం కాదు, భర్తో, తండ్రో, కొడుకో ఉన్న చోటు. పండగకీ పబ్బానికీ వచ్చి గోడ దగ్గర ఓ పూలగుత్తి పెట్టి వెళ్ళే చోటు.

యాభై మూడు వేల మంది

ఇప్పుడు అసలు సంగతి.

మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు సరిహద్దులకి పోతే కార్ఖానాలు నడిపింది ఆడవాళ్ళే. లివర్‌పూల్‌కి దగ్గర్లోని ప్రెస్టన్ ఊళ్ళో 'డిక్, కెర్' అనే కార్ఖానాలో ఆడపిల్లలు ఫిరంగి గుండ్లు తయారుచేసేవాళ్ళు. తిండి వేళ దొరికిన కాస్త తీరికలో ఆవరణలో బంతి తన్నుకునేవాళ్ళు. అలా అలా జట్టయ్యారు. 1917 క్రిస్మస్ రోజున గాయపడ్డ సైనికుల ఆస్పత్రి కోసం ఆడితే పదివేల మంది చూడ్డానికొచ్చారు. యుద్ధం అయిపోయినా ఆట ఆపలేదు. ఊరూరా ఆడుతూ వచ్చిన డబ్బు ధర్మకార్యాలకిచ్చేవాళ్ళు.

1920 డిసెంబరులో, క్రిస్మస్ వెళ్ళిన మర్నాటి 'బాక్సింగ్ డే' పండగ ఆటకి వాళ్ళు గూడిసన్ పార్కుకి వచ్చారు. ఎదుటి జట్టు సెయింట్ హెలెన్స్ ఊరి ఆడవాళ్ళు. చూడ్డానికి వచ్చిన జనం ఎంతో చెప్పండి. యాభై మూడు వేలు! చోటు లేక బయట నిలిచిపోయిన వాళ్ళు ఇంకా పదివేలపైనే. జట్టులో బాగా గోల్స్ కొట్టే ఫ్లోరీ రెడ్‌ఫర్డ్ ఆ రోజు రైలు తప్పిపోయి రాలేకపోయింది. అప్పుడు కెప్టెన్ ఆలిస్ కెల్ తనే ముందుకొచ్చి ఆడి మూడు గోల్స్ కొట్టింది. నాలుగు సున్నాతో గెలిచారు. మూడువేల పౌండ్లకి పైగా వసూలైతే, పనుల్లేని, కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న మాజీ సైనికుల కోసం ఇచ్చారు. పాతకాలం మూడువేల పౌండ్లండీ! క్లబ్బుల మధ్య జరిగే ఆడవాళ్ళ ఆటకి అంత జనం రావడం ఆ తర్వాత ప్రపంచంలో ఎక్కడా జరగలేదు, 2019లో స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో ఆ రికార్డు దాటేదాకా. అంటే తొంభై ఎనిమిదేళ్ళు!

ఇంత గొప్పగా జరిగాక ఏమవ్వాలి? మరిన్ని గ్రౌండులు ఇవ్వాలి కదా. ఏడాది తిరక్కముందే, 1921 డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం సమావేశమై, ఈ ఆట ఆడవాళ్ళకి తగింది కాదని తీర్మానించింది. తమ కింద ఉన్న ఏ క్లబ్బూ ఆడవాళ్ళ ఆటకి గ్రౌండు ఇవ్వకూడదని హుకుం జారీ చేసింది. ఒంటికి మంచిది కాదని కొందరు డాక్టర్లు వంత పాడారు. వసూలైన డబ్బులో ఖర్చులకి ఎక్కువ పోతోందని నింద కూడా వేశారు. పన్నెండు గంటల షిఫ్టులో ఫిరంగి గుండ్లు మోసినప్పుడు పాడవని ఒళ్ళు, గంటన్నర బంతి తంతే పాడైపోతుందా? మీరే చెప్పండి!

ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. 1971 నాటికి గానీ పూర్తిగా తొలగలేదు. 'డిక్, కెర్' అమ్మాయిలు మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు. పార్కుల్లో, పొలాల్లో, దొరికిన చోటల్లా 1965 దాకా ఆ జట్టు ఆడుతూనే వచ్చింది. ఆ జట్టులో చిన్న వయసులోనే చేరిన లిల్లీ పార్ ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తూ ముప్ఫై ఏళ్ళు ఆడింది. 1978లో పోయింది. 2019లో మాంచెస్టర్లోని ఫుట్‌బాల్ మ్యూజియంలో ఆవిడ కంచు విగ్రహం పెట్టారు. ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు 2008లో క్షమాపణ చెప్పారు. అప్పటికి ఆ 53 వేల మంది ముందు ఆడినవాళ్ళలో వినడానికి ఎవరున్నారు!

పాతిల్లు ఎవరికి?

ఇక ఇటీవలి సంగతి. పెద్దావిడకి వయసు మీద పడింది. చెక్క కుర్చీలు, చూపుకి అడ్డంగా స్తంభాలు, పెంచుదామంటే చుట్టూ ఇళ్ళు. అందుకని క్లబ్బు వాళ్ళు మెర్సీ నది ఒడ్డున పాత రేవులో యాభై రెండువేల మంది పట్టే కొత్త స్టేడియం కట్టారు. 2025 మే 18న మగవాళ్ళ జట్టు గూడిసన్‌లో చివరి ఆట ఆడి, గెలిచి, కన్నీళ్ళతో సెలవు తీసుకుంది. కొత్త స్టేడియంలో మొదటి లీగ్ ఆట ఏ రోజు జరిగిందో తెలుసా? 2025 ఆగస్టు 24న. అంటే గూడిసన్ గృహప్రవేశం నాటికి సరిగ్గా నూటముప్ఫైమూడేళ్ళు!

మరి పెద్దావిడ? పడగొట్టి ఇళ్ళూ దుకాణాలూ అవీ కట్టాలని మొదట్లో పథకం వేశారు. కానీ చివరాటకి కొద్ది రోజుల ముందు కొత్త యజమానులు మనసు మార్చుకుని, గూడిసన్‌ని ఎవర్టన్ ఆడవాళ్ళ జట్టుకి ఇస్తున్నట్టు ప్రకటించారు. అంతకుముందు ఆ అమ్మాయిలు దగ్గర్లోనే రెండువేల చిల్లర మంది పట్టే చిన్న గ్రౌండులో ఆడేవారు. ఇప్పుడు ముప్ఫై తొమ్మిది వేల కుర్చీల గ్రౌండు వాళ్ళ చేతికొచ్చింది.

ఈ మాట మీద మా చెల్లెలింట్లో పెద్ద చర్చే జరిగింది. "చూశావా అక్కా, వాళ్ళు కొత్తింటికి పోయి పాతిల్లు ఆడవాళ్ళ మొహాన పడేశారు. కొత్త టీవీ హాల్లోకి, పాత టీవీ వంటింట్లోకి అన్నట్టు" అంది మా చెల్లెలు. "అది కాదండీ వదినగారూ, కూల్చేసే దాన్ని నిలబెట్టారు కదా, అదన్నా మెచ్చుకోవాలి" అన్నాడు మరిది. ఇద్దరి మాటలోనూ నిజముంది. నాకు మాత్రం ఇంకోలా తోచింది. ఇంకొకరు వదిలేసిన ఇల్లయితే దానం అనుకోవచ్చు. కానీ 1920లోనే ఈ ఇంటిని 53 వేల మందితో నింపిన ఆడవాళ్ళని తలుపేసి బయటికి పంపారు. నూటఐదేళ్ళకి వాళ్ళ మనవరాళ్ళు లోపలికొచ్చారు. పుట్టింటికి రావడాన్ని దానం అంటామా?

మేం చూసిన ఆట

ఒక ఆదివారం మేం నలుగురం టికెట్లు కొనుక్కుని వెళ్ళాం. జనం కొన్ని వేలే. కుర్చీలు చాలా ఖాళీగానే ఉన్నాయి. నిజం చెప్పుకోవాలి కదా, ఆ గ్రౌండు నిండాలంటే ఇంకా చాలా రోజులు పడుతుంది. నింపలేకపోతే ఎన్నాళ్ళు నిలుపుతారో అన్న బెంగ కూడా అక్కడి వాళ్ళకి లేకపోలేదు. అంత పాత భవనం బాగోగులు చూడ్డం మాటలా?

కానీ ఆ కేకలు వినాలి! నేను టీవీలో విన్న బండ గొంతులు కావవి. చిన్నపిల్లల గొంతులు, అమ్మల గొంతులు. నీలం మఫ్లర్లు చుట్టుకున్న ఆడపిల్లలు వరసలు వరసలుగా ఉన్నారు. మా పిల్లయితే కుర్చీలో కూర్చుంటే ఒట్టు. చలికి నా వేళ్ళు కొంకర్లు పోతుంటే చెల్లెలు ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. సంచిలో పులిహోర కూడా తెచ్చిందిగానీ లోపలికి తేనిస్తారో లేదోనని బయటే నిలబడి తినేశాం లెండి.

మా ముందు వరసలో డెబ్భై దాటిన ఒకావిడ ఒక్కతే కూర్చుని ఉంది. ఆవిడ ఇంగ్లీషు యాస నాకు సగమే అర్థమైంది. మిగతాది మా పిల్ల చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని ఇక్కడికి వచ్చేదట. బళ్ళో అబ్బాయిలతో బంతి ఆడబోతే టీచరు పిలిచి, ఆడపిల్లవి, నీకు తాడాట చాలని పంపేసిందట. "మగవాళ్ళ జట్టు వెళ్ళిపోయింది కదా, మీరు కొత్త స్టేడియానికి వెళ్ళరా?" అని మా పిల్ల అడిగింది. ఆవిడ గ్రౌండు అంచున గడ్డి వైపు వేలు చూపించి, "మా నాన్న అక్కడున్నాడమ్మా. ఆయన్ని వదిలి ఎక్కడికి పోను? ఇప్పుడైతే ఆయనకి అమ్మాయిల ఆట కూడా చూపిస్తున్నాను" అంది. మా పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ గడ్డి వైపు చూసి, ఎవరికో చెప్పినట్టు చెయ్యి ఊపింది.

మీరు వెళితే

మీ పిల్లలో, తోబుట్టువులో ఇంగ్లండులో ఉంటే, లండన్ చూసి వచ్చేయకండి. లివర్‌పూల్ నగరం మధ్య నుంచి లోకల్ రైలెక్కి కిర్క్‌డేల్ స్టేషన్లో దిగితే అక్కడినుంచి నడిచే దూరం. చెప్పులు కాకుండా మంచి బూట్లు, చీర మీదకి మందపాటి కోటు, చెవులకి టోపీ తప్పనిసరి. నది మీదనుంచి వచ్చే గాలికి మొహమాటం లేదు! స్తంభం అడ్డం రాని సీటు చూసి టికెట్టు తీయించమని పిల్లలకి ముందే చెప్పండి. ఆటకి గంట ముందు వెళ్ళి చర్చి మూల, స్టాండు మీది ఆ ఉక్కు ముగ్గు గళ్ళు చూడండి. గోడ దగ్గర పూలగుత్తి కనిపిస్తే పక్కనుంచి మెల్లిగా నడవండి.

ఇక్కడే ఉన్నవాళ్ళం చేయగలిగింది కూడా ఒకటుంది. మన ఆడపిల్ల బళ్ళో ఏ కబడ్డీకో, ఖోఖోకో పేరిస్తానంటే, "ఎండకి నల్లబడిపోతావే, కాళ్ళు విరుగుతాయే" అని మనమే ముందు ఆపుతుంటాం. 1921లో పెద్దమనుషులు కాగితం మీద రాసిన తీర్మానం కూడా ఇంచుమించు ఇదే. దాన్ని తిప్పి రాయడానికి వాళ్ళకి యాభై ఏళ్ళు పట్టింది. మనకైతే ఓ సాయంత్రం చాలు.

అన్నట్టు, గూడిసన్‌కి వెళ్ళేటప్పుడు సంచిలో నాలుగు ఎవర్టన్ మింట్ బిళ్ళలు వేసుకోండి. నలుపూ తెలుపూ చారలవి, అక్కడి కొట్లలో దొరుకుతాయి. ఒకటి మీ నోట్లో వేసుకుని, ఇంకోటి పక్క సీట్లో ఉన్నావిడకివ్వండి. భాష రాకపోయినా ఫరవాలేదు. ఆ ఊళ్ళో టాఫీ చేతికిస్తే చాలు, మాటలు వాటంతటవే కలుస్తాయి.